కొళాయి చోటు మార్చే ముందు



ఈ పూట పొలం సంగతి కాదు, ఇంటి సంగతి. 2019లో జల జీవన్ మిషన్ మొదలయ్యాక పల్లెల్లో చాలా ఇళ్ళకు గొట్టపు నీళ్ళు వచ్చాయి. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది లెక్క. బాగానే ఉంది. మరి మీ ఇంట్లో కొళాయి అనండి, నల్లా అనండి, అది ఎక్కడుంది? పెరట్లో మురుగు కాలవ పక్కన, గుంటలో ఉందా? నీళ్ళ వడి చాలదని గుంట తవ్వి కొళాయిని కిందికి దించుతాం. బిందె నిండుతుంది, నిజమే. కాని నీళ్ళు ఆగిన వేళ గొట్టం ఖాళీ అవుతూ వెనక్కి పీలుస్తుంది. కట్టకుండా వదిలిన కొళాయి మూతి గుంటనీళ్ళలో మునిగి ఉంటే ఆ మురుగు లోపలికి పోతుంది. మర్నాడు అవే నీళ్ళు మన పిల్లవాడి చెంబులోకి, పక్కింటివారి బిందెలోకి వస్తాయి. ఇక వాంతులు, విరేచనాలు.

అయితే వంటింటి తొట్టి దగ్గరకు మార్చేద్దాం అంటారు. తొందరపడకండి. ఇప్పుడున్న కొళాయికి ఒక రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొసను కొత్త కొళాయి రాబోయే ఎత్తుకు పట్టుకోండి. ఊరంతా నీళ్ళు పట్టుకునే వేళనే చూడాలి సుమా! ధార వచ్చిందా, సరే. రాకపోతే వీధి గొట్టానికి మోటారు తగిలించకండి. అది పొరుగువాడి వాటా లాగడమే గాక, కారే అతుకుల దగ్గర మురుగును కూడా లాగుతుంది. నేలతొట్టిలో నీళ్ళు పట్టి, మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించుకోండి.

నీళ్ళు తెచ్చుకోవడం కన్నా, వాడిన నీళ్ళు బయటికి పంపడమే అసలు చిక్కు. పోయే గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు కావాలి. కాలవ 12 అడుగుల దూరం ఉంటే 3 అంగుళాలు దిగాలన్నమాట. అందుకే తొట్టి బయటి గోడకు ఆనుకుని ఉంటే మేలు. తొట్టి కింద వంపు గొట్టం తప్పక పెట్టించండి. అందులో నిలిచే నీళ్ళే కాలవ కంపును, పురుగులను ఆపుతాయి.

పాత ఇనుప గొట్టానికి కొత్త ప్లాస్టిక్ గొట్టం కలపాలంటే మరల అడాప్టరు కావాలి. టెఫ్లాన్ టేపు మర బిగిసే వైపుకే చుట్టాలి. గోడ పూయకముందే నీళ్ళు నింపి, ఒక పూట ఆగి, అతుకు అతుకూ పొడి చేత్తో తడిమి చూడండి. మేస్త్రీ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఎండలో ప్లాస్టిక్ గొట్టం పెళుసెక్కుతుంది, బయట ఉన్నంత మేరా కప్పండి. వీధి వైపు పని మాత్రం పంచాయతీకి చెప్పే చేయించాలి.

పాత కొళాయికి పోయే గొట్టాన్ని చీలిక దగ్గరే కోసి మూత బిగించండి. లేకుంటే ఆ ముక్కలో నీళ్ళు నిలవుండి చెడిపోతాయి. ఆ సాయంత్రమే గుంట పూడ్చేయండి.