జలపాతం మీద ఇల్లు
అమెరికాలోని పెన్సిల్వేనియా అడవులలో బేర్ రన్ అనే సెలయేరు ఉన్నది. పిట్స్‌బర్గ్ వర్తకుడు ఎడ్గర్ కౌఫ్‌మన్ అక్కడి జలపాతానికి అభిముఖంగా తన కుటుంబానికొక విడిది కోరారు. 1935లో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ ఇంటిని ఏకంగా జలపాతం మీదనే రూపొందించారు. అదే ‘ఫాలింగ్‌వాటర్’.

కుటుంబీకులు విశ్రమించే బండను పగులగొట్టలేదు. చలిమంట ముందరి అరుగుగా అది ఇంటిలోనే నిలిచిపోయింది. చెట్టు అడ్డువచ్చిన చోట కాంక్రీటు దూలమే వంపు తిరిగింది. గోడలకు ఆ స్థలంలోని రాతినే వాడారు.

అయితే ఏటిమీదికి ఊతం లేకుండా చాచిన వసారాలు క్రమేణా కుంగసాగాయి. 2002లో ఉక్కు తీగలు బిగించి వాటిని కాపాడవలసివచ్చింది. కుంగినది మానవుడు పోసిన కాంక్రీటే. ప్రకృతి పరచిన బండ కాదు. స్థలం చదును చేయించే ముందు గృహస్థులు తలచదగిన విషయమిది.