స్ఫటిక డోలక వలయంలో దోష నిర్ధారణ

క్వార్ట్జ్ స్ఫటిక డోలకం అనేది క్వార్ట్జ్ పలుక కంపనాల ఆధారంగా స్థిరమైన పౌనఃపున్యాన్ని ఇచ్చే విద్యుత్ వలయం. దీనిని క్రిస్టల్ ఆసిలేటర్ అని కూడా వ్యవహరిస్తారు. 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు పీడన విద్యుత్ ప్రభావాన్ని కనుగొన్నారు. 1921లో వాల్టర్ కేడీ దాని ఆధారంగా క్వార్ట్జ్ డోలకాన్ని నిర్మించాడు. ఈ వలయం చెడినప్పుడు ముందుగా స్ఫటికాన్నే మార్చివేయడం పరిపాటి. కాని దోషం తరచుగా స్ఫటికం వెలుపలనే ఉంటుంది.

వలయ నిర్మాణం

గడియారాలలో శృతిదండం ఆకారంలో కోసిన, సెకనుకు 32,768 కంపనాలు చేసే స్ఫటికాన్ని వాడతారు. ఈ సంఖ్యను 15 మార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అదే సెకను. స్ఫటికానికి తోడుగా ఒక ఇన్వర్టర్, దానికి అడ్డంగా మెగా ఓముల విలువ గల నిరోధం, స్ఫటికపు రెండు కాళ్ళ నుండి భూమికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి.

కొలతలో జాగ్రత్త

ఆసిలోస్కోప్ ప్రోబ్‌కు సొంతంగా పది పికోఫారడ్లకు పైగా కెపాసిటెన్స్ ఉండవచ్చు. దానిని స్ఫటికపు కాలికి తాకిస్తే పౌనఃపున్యం మారుతుంది, లేదా డోలనమే ఆగిపోతుంది. అంటే బాగున్న వలయం కూడా పరీక్షించేవానికి చెడినట్లు కనిపిస్తుంది. అందుచేత కొలతను స్ఫటికం వద్ద కాక, తరువాతి దశ నుండి వెలువడే సంకేతం వద్ద తీసుకోవాలి. మల్టీమీటరు ఇక్కడ అంతగా ఉపకరించదు. స్ఫటికం గుండా ఏకముఖ విద్యుత్తు ప్రవహించదు కనుక, మంచి స్ఫటికమూ లోపల విరిగిన స్ఫటికమూ దానికి ఒకే విధంగా కనిపిస్తాయి.

పౌనఃపున్యం తప్పినప్పుడు

ప్రతి స్ఫటికాన్నీ ఒక నిర్దిష్టమైన లోడ్ కెపాసిటెన్స్‌కు సరిపడేలా తయారు చేస్తారు. గడియార స్ఫటికాలలో 12.5 పికోఫారడ్లు సాధారణం. దీనిని చూసి కొత్తవారు 12 పికోఫారడ్ల కెపాసిటర్లు రెండు వేస్తారు. అయితే స్ఫటికం దృష్టిలో అవి శ్రేణిలో ఉన్నందున ఫలితం 6 మాత్రమే. తీగెలు, బోర్డు కలిపి 3 పికోఫారడ్లు అనుకున్నా మొత్తం 9కి మించదు. లోడు తగ్గితే పౌనఃపున్యం పెరుగుతుంది. గడియారం రోజుకు కొన్ని సెకన్లు ముందుకు పోతుంది. ఇటువంటి బోర్డుకు కావలసిన విలువ ఒక్కొక్కటి 19 పికోఫారడ్లు. బజారులో దొరికే 18 లేదా 20 వేయవచ్చు.

ఉష్ణోగ్రత ప్రభావం దీనికి భిన్నం. శృతిదండపు స్ఫటికం సుమారు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధిక వేగంతో కంపిస్తుంది. అంతకంటే వేడెక్కినా, చల్లబడినా వేగం తగ్గుతుందే తప్ప పెరగదు. ఈ తగ్గుదల, ఉష్ణోగ్రతా భేదపు వర్గాన్ని 0.034తో గుణించగా వచ్చినన్ని మిలియన్ వంతులు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీల వేడిలో ఉన్న గడియారం 13.6 మిలియన్ వంతులు, అనగా రోజుకు దాదాపు 1.2 సెకన్లు, వెనుకబడుతుంది. కనుక 25 డిగ్రీల వద్ద సరిచేసిన గడియారం తరువాత ముందుకు పోతూ ఉంటే ఎండను నిందించి ప్రయోజనం లేదు, కెపాసిటర్లను చూడాలి. వెనుకబడితే మాత్రం రెండు కారణాలకూ అవకాశం ఉంది. అప్పుడు 25 డిగ్రీల గదిలో కొన్ని రోజులు ఉంచి, జీపీఎస్ కాలంతో పోల్చడం మంచిది. సామాన్యమైన ఫ్రీక్వెన్సీ కౌంటర్ కంటే ఈ ఓపికతో కూడిన పద్ధతే నమ్మదగినది, ఎందుకంటే ఆ కౌంటర్ లోపల ఉన్నదీ ఒక స్ఫటికమే.

డోలనం ఆగినప్పుడు

గడియార స్ఫటికం డోలనం మొదలుపెట్టడానికి ఒక సెకను, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ పట్టవచ్చు, తొందరపడరాదు. సోల్డర్ చేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్, వానకాలపు తేమ కలిసి మెగా ఓముల నిరోధానికి సమాంతరంగా దొంగదారి ఏర్పరుస్తాయి. బోర్డును శుభ్రపరచి ఆరబెడితే చాలా వలయాలు తిరిగి పనిచేస్తాయి. అల్ట్రాసోనిక్ తొట్టిలో కడగటం మాత్రం ప్రమాదకరం, సన్నని స్ఫటికం విరిగిపోవచ్చు.

అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే వలయానికి మరొక పరీక్ష ఉంది. స్ఫటికంతో శ్రేణిలో, దాని సొంత నిరోధానికి సుమారు 5 రెట్ల నిరోధాన్ని తాత్కాలికంగా కలపాలి. అప్పటికీ డోలనం మొదలైతే ఇన్వర్టర్‌కు తగినంత వర్ధన శక్తి ఉన్నట్లు. మొదలు కాకపోతే స్ఫటికాన్ని ఎన్నిసార్లు మార్చినా చలిలోనో, బ్యాటరీ క్షీణించినప్పుడో ఆ వలయం మళ్ళీ ఆగుతుంది.