బండి ఫోటోలో కాదు, ఆర్‌సీలో ఉంటుంది

మదనపల్లె టమోటా మార్కెట్టులో క్రేట్లు మోసే హమాలీకీ, వాటిని తోలే మినీ ట్రక్కు యజమానికీ మధ్య దూరం ఒక బండే. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు సెకండ్ హ్యాండ్‌ది చూస్తారు. ఆ బేరాలు ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారా నడుస్తాయి: ఒక బ్రోకరు, ఒక మెకానిక్, ఫైనాన్స్ ఆఫీసులో ఒక బంధువు. భూమీ వ్యాపారమూ లేకుండా చేసిన కులాలకు ఆ పరిచయాలు కూడా దక్కలేదు. అందుకే మన యువకులు ఫోన్‌లో వెతుకుతారు. మోసగాడు కాచుకుని ఉండేదీ అక్కడే.

ఈ మోసానికి ఒక పద్ధతి ఉంది. బాగా తక్కువ ధరకు బండి ఫోటోలు పెడతారు. అమ్మేవాడు తాను ఆర్మీ జవానునని, బదిలీ అయిందని చెప్పి యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు పంపుతాడు. వేరేవాళ్లు అడుగుతున్నారని తొందరపెట్టి అడ్వాన్స్ వేయించుకుంటాడు. ఆ తర్వాత రవాణా ఖర్చు, జీఎస్టీ, తిరిగి ఇచ్చేస్తామనే డిపాజిట్. చివరికి డబ్బు వాపసు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటారు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతున్నట్టే.

పరిచయాలు లేనివాళ్లకు కాగితమే రక్షణ. బండిని కళ్లారా చూడకుండా రూపాయి కూడా పంపవద్దు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి బీమా, ఫిట్‌నెస్ గడువులు చూడాలి. ఆర్‌సీలోని చాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

పుంగనూరుకు కోలారు జిల్లా దగ్గర, కుప్పానికి కర్ణాటక, తమిళనాడు రెండూ పొరుగే. పక్క రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 తప్పనిసరి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. 'పేరు తర్వాత మార్చుకుందాంలే' అంటే, బండి మన ఇంటి ముందున్నా కాగితం మీద వేరొకరిదే.

మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఖాతాలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. 'మోసం చేసినవాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు, అక్కడికి పో' అని స్టేషన్‌లో తిప్పి పంపడం కుదరదు. నేరం ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. నిరాకరిస్తే రాతపూర్వకంగా ఎస్పీకి, ఆ తర్వాత మేజిస్ట్రేట్‌కు వెళ్లవచ్చు.

పోయేది అడ్వాన్స్ మాత్రమే కాదు. కుదువ పెట్టిన పుస్తెలు, సంఘం అప్పు, కూలి నుంచి బయటపడే ఒక్క దారి పోతాయి. పైగా నలుగురిలో నవ్వులపాలవుతామని చాలామంది నోరు విప్పరు. ఆ మౌనమే మోసగాడికి లాభం. వాడలోని విద్యార్థులు, సంఘాల కార్యకర్తలు ఒక పని చేయవచ్చు: ఎవరైనా బండి కొంటున్నారంటే అడ్వాన్స్ వేయకముందే పక్కన కూర్చుని నంబరు, కాగితాలు చూడటం. ఇన్నాళ్లూ మనకు లేకుండా పోయిన ఆ 'తెలిసినవాళ్లు' మనమే కావాలి.