పాత లారీ ఇంజనునకు రవ్వ వేళ కుదుర్చుట

దాచేపల్లి మిరపబస్తాలను గుంటూరు యార్డునకు నేడు డీజిలు లారీలే మోయుచున్నవి. వానికి విద్యుత్ రవ్వతో పనిలేదు. అయినను 1940 ప్రాంతపు షెవర్లే ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను కలవారు ఈ సంగతి నెఱుగవలెను.

రవ్వ ఆలస్యమైనచో ఇంజను కాగిపోవును. మరీ ముందైనచో హేండిలు వెనుకకు తన్ని మణికట్టు విఱుగును. పూర్వపు డ్రైవర్లు బరువు మీద టకటక చప్పుడు వినుచు వేళ కుదుర్చుకొనెడివారు. నేటి పెట్రోలు ఆనాటి దానికంటె మేలురకమగుటచే, రవ్వ మితిమీఱి ముందైనను చప్పుడు వినరాకపోవచ్చును. కావున చెవిని విడిచి గుర్తును నమ్ముడు.

మొదట పాయింట్ల యెడమును అంగుళములో వెయ్యింట 18 వంతులకు సరిచేయవలెను. తరువాత దీనిని కదిపినచో వేళయు చెడును. ఒకటవ ప్లగ్గు తీసి, రంధ్రమును వ్రేలితో మూసి, ఇంజనును చేతితో త్రిప్పుడు. గాలి వ్రేలిని నెట్టుచుండగా ఫ్లైవీలులోని ఉక్కుగుండు సూచి యెదుటికి వచ్చును. పిస్టను పైకొన చేరుటకు అది 5 డిగ్రీలు ముందు. అచ్చట నాపి, డిస్ట్రిబ్యూటరు క్రింది ఆక్టేను సూచిని సున్నపై నుంచుడు. పాయింట్ల తీగకును ఇంజనునకును నడుమ చిన్న బల్బు కలిపి, తాళము త్రిప్పి, వదులుచేసిన డిస్ట్రిబ్యూటరును మెల్లగా కదుపుచు, బల్బు వెలిగిన క్షణమున బిగింపుడు.

హేండిలు పట్టునపుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి, క్రిందినుండి పైకి లాగవలెనే కాని క్రిందికి త్రోయరాదు.