గాలికుంటుకు ఆర్నెల్ల సూది

బిలాస్‌పూర్ పక్కన సిర్గిట్టిలో ఛత్తీస్‌గఢీ రైతు ‘ఖురహా-చపకా’ అనే జబ్బే తెలుగువాళ్ల గాలికుంటు. నోట్లో, గిట్టల సందుల్లో బొబ్బలు లేస్తాయి. పశువు చొంగ కారుస్తూ మేత ముట్టదు, కుంటుతుంది. పెద్ద పశువు సాధారణంగా చావదు కాబట్టి ‘అదే తగ్గుతుందిలే’ అని చాలామంది ఊరుకుంటారు. అసలు నష్టం అక్కడే. లేగదూడలు గుండె దెబ్బతిని ఉన్నట్టుండి పడిపోతాయి. కోలుకున్న ఆవు మునుపటంత పాలివ్వకపోవచ్చు. కొన్ని ఎద్దులు ఎండ తగిలితే చాలు, రొప్పుతాయి.

ఈ వైరస్ ఏడు రకాలు. మన దేశంలో తిరిగేవి ఓ, ఎ, ఆసియా-1. ఒకదానిపై వచ్చిన రక్షణ మరొకదానికి పనికిరాదు. అందుకే చంపిన మూడు రకాల వైరస్‌లనూ కలిపి టీకా చేస్తారు. 1982లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు స్థాపించిన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఈ టీకాను తయారుచేస్తుంది. చంపిన వైరస్ ఇచ్చే రక్షణ ఎంతోకాలం నిలవదు. దూడకు నాలుగో నెలలో మొదటి సూది, మరో నెలకు బూస్టర్, ఆపైన ఆర్నెల్లకోసారి వేయించాల్సిందే. 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయిన రిండర్‌పెస్ట్ అనే పశువుల జబ్బుకు ఒక్క టీకాతో ఏళ్ల తరబడి రక్షణ ఉండేది. గాలికుంటు మొండికేయడానికి దాని టీకాకు ఆ గుణం లేకపోవడం ఒక కారణం.

జబ్బు దిగిన ఊళ్లోకి నేరుగా సూదులు పట్టుకుని వెళ్లకూడదు. చుట్టుపక్కల ఊళ్లలో మొదలుపెట్టి లోపలికి రావాలి. లేదంటే వేసేవాళ్ల చేతులూ చెప్పులే వైరస్‌ను మోసుకుపోతాయి. పశువుకో సూది మార్చాలి, అది ఖర్చు అనిపించినా సరే. రక్షణ రావడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోగా అప్పటికే వైరస్ సోకిన ఆవుకు బొబ్బలు లేస్తే నింద టీకా మీద పడుతుంది. పైగా సూది వేశాక రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గడమూ ఉంది. పాలమ్మి బతికేవాళ్లు వెనకాడితే తప్పుపట్టలేం.

2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ టీకా కార్యక్రమానికి కేంద్రం ఐదేళ్లకు సుమారు 13,343 కోట్ల రూపాయలు కేటాయించింది. టీకా వేసిన పశువు చెవికి 12 అంకెల పోగు తొడుగుతారు. 2030కల్లా గాలికుంటును నిర్మూలించాలన్నది లక్ష్యం. పోగు తొడగాలంటే ముందు పశువును పట్టుకునే యజమాని ఉండాలి. రోడ్లమీద తిరిగే పశువుల విషయం బిలాస్‌పూర్ హైకోర్టు దాకా వెళ్లింది. వాటికి ఆర్నెల్లకోసారి సూది ఎవరు వేయిస్తారో తేలకుండా ఆ లక్ష్యం నెరవేరుతుందని నాకైతే నమ్మకం లేదు.