పాత మిల్లింగ్ మిషన్: బేరింగులు మార్చే ముందు డయల్ గేజ్ పెట్టి చూడండి

పోయిన ఎపిసోడ్‌లో పాత లేత్ గురించి మాట్లాడుకున్నాం, ఈరోజు మిల్లింగ్ మిషన్. మన కడప, కర్నూలు, నంద్యాల పక్క ఐటిఐ అయిపోయి సొంతంగా షెడ్డు వేసుకోవాలనుకునే తమ్ముళ్ళు చానా మంది ఉన్నారు. కొత్త మిషన్ కొనే స్తోమత ఉండదు. అందుకే బెంగళూరు పీణ్యా నుంచో, హైదరాబాద్ బాలానగర్ నుంచో పాతది లారీలో వేసుకొస్తారు. మిషన్ దిగినాక అసలు కథ మొదలవుతుంది.

ఎర్రగుంట్ల దగ్గర ఒక తమ్ముడి షెడ్డులో జరిగింది చెప్తా. అప్పు చేసి పాత వర్టికల్ మిల్లింగ్ మిషన్ తెచ్చినాడు. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల షాఫ్టులకి కీవే కొట్టడం అతని మెయిన్ పని. 8 మిల్లీమీటర్ల కట్టర్ పెడితే గాడి 8.2 పైనే వస్తోంది. కీ లూజు, షాఫ్టు వెనక్కి వచ్చేసింది. ఇంకో రెండు షాఫ్టులు అట్లా వెనక్కి వస్తే ఆ ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ ఈ షెడ్డు మొహం చూడరు. నెల తిరిగేలోపు కిస్తీ కట్టాలి. చూసిపోయిన మెకానిక్ ఒకే మాట అన్నాడంట: "స్పిండిల్ బేరింగులు పోయినాయి, మొత్తం దింపాలి."

నిజంగా బేరింగులేనా? అది చెప్పాల్సింది చెవి కాదు, డయల్ గేజ్. మ్యాగ్నెట్ స్టాండ్‌తో గేజ్‌ని టేబుల్ మీద నిలబెట్టండి. హోల్డర్ తీసేసి, స్పిండిల్ లోపలి టేపర్‌ని శుభ్రంగా తుడవండి. గేజ్ ముల్లు ఆ టేపర్‌కి ఆనించి స్పిండిల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. సూది 0.01, 0.02 మిల్లీమీటర్ల లోపల ఆడితే స్పిండిల్ బాగానే తిరుగుతున్నట్టు. ఇప్పుడు కట్టర్ బిగించి, కట్టర్ సాఫు కాడ దగ్గర మళ్ళీ అదే కొలత తీయండి. ఆ తమ్ముడి మిషన్‌లో లోపల 0.01, కట్టర్ దగ్గర 0.15! లోపల సరిగ్గా ఉండి బయట తప్పుతోందంటే, తేడా ఆ రెంటి మధ్యే ఉండాల కదా. హోల్డర్ టేపర్ మీద చిన్న గీత లేచి నిలబడి ఉంది, కొలెట్ లోపల పాత చిప్పు ఇరుక్కొని ఉంది. సన్న ఆయిల్ స్టోన్‌తో ఆ లేచిన భాగాన్ని మాత్రమే సాపు చేసి, కొలెట్ కిరోసిన్‌లో కడిగితే 0.03కి వచ్చింది. బేరింగుల ఖర్చు మిగిలింది.

ఇంకోటి కూడా చూడాల. చెక్క ముక్కని టేబుల్ మీద ఆనించి స్పిండిల్‌ని కింద నుంచి పైకి ఎత్తి చూడండి. సూది గట్టిగా కదిలితే, లేదా తిప్పేటప్పుడు గరగరమని చేతికి తగిలితే అప్పుడు బేరింగులు అనుమానించాల్సిందే. అరగంట ఖాళీగా తిప్పి, ఆపినాక హెడ్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆయిల్ లేదు, లేదా బేరింగ్ మరీ టైట్‌గా ఉంది.

సరే, 0.15 పోయినా గాడి ఇంకా కొంచెం వెడల్పే. ఎందుకంటే కోత బలానికి టేబుల్ అడ్డంగా జరుగుతోంది. ఇక్కడ చానా మంది రెండు జబ్బులు కలిపేస్తారు. ఒకటి స్క్రూ ప్లే, మనం బ్యాక్‌లాష్ అంటాం. రెండోది గిబ్ లూజు. హ్యాండిల్ తిప్పినా టేబుల్ కదలకపోతే అది బ్యాక్‌లాష్. హ్యాండిల్ ముట్టుకోకుండా టేబుల్‌ని చేత్తో పక్కకి నెడితే గేజ్ సూది కదిలితే అది గిబ్.

బ్యాక్‌లాష్ కొలవడం సులభం. ఒకవైపు తిప్పి గేజ్ సున్నా చేయండి, వెనక్కి తిప్పుతూ సూది కదిలేదాకా హ్యాండిల్ మీద గీతలు లెక్కపెట్టండి. 5 మిల్లీమీటర్ల స్క్రూకి 100 గీతలుంటే ఒక్కో గీత 0.05. ఆరు గీతలంటే 0.3. పాత మిషన్‌కి అది మామూలే, పని నేర్చుకుంటే బతకొచ్చు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పి కొలతకి రావాలి, అంతే. కానీ అంచు కోసేటప్పుడు కట్టర్ పళ్ళకి ఎదురుగానే టేబుల్ నడపండి. అదే దిక్కులో నడిపితే, ఆ 0.3 ఖాళీలో కట్టర్ టేబుల్‌ని లాగేసుకుంటుంది. పళ్ళు విరుగుతాయి, జాబ్ ఎగురుతుంది.

గిబ్ బిగించేటప్పుడు టేబుల్‌ని మధ్యలో పెట్టి బిగించి చేతులు దులుపుకోవద్దు. పని ఎక్కువ మధ్యలోనే జరుగుతుంది కాబట్టి అరుగుదల అక్కడే ఎక్కువ. మధ్యకి టైట్ చేస్తే చివర్లో పట్టేస్తుంది. చివరి దాకా ఒకే బరువుతో తిరిగేట్టు చూసి ఆపండి. మధ్యలో మిగిలిన లూజుకి మందు లాక్. కీవే కొట్టేటప్పుడు టేబుల్ పొడుగునా నడుస్తుంది కాబట్టి అడ్డం స్లైడ్‌ని లాక్ చేసేయాలి. రెండు పళ్ళ స్లాట్ డ్రిల్ వాడండి. అంతా చేసినాక ఆ గాడిలో కీ చెక్క సుత్తితో తట్టితేనే దిగింది.

మన ఏరియాకి ప్రత్యేకం దుమ్ము. నాపరాయి సున్నపురాయే, కొంచెం మెత్తన. కానీ గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, అది ఆయిల్‌లో కలిస్తే గ్రైండింగ్ పేస్టే. బెడ్ మీద కొత్త ఆయిల్ పోసే ముందు పాతది పూర్తిగా తుడవండి, పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం వాడొద్దు, 68 నంబర్ స్లైడ్‌వే ఆయిల్ పోయండి. చేతి పంపు ఉంటే ప్రతి ఆయిల్ పైపు చివర విప్పి చుక్క వస్తోందో లేదో చూడండి. ఎవరో ఎప్పుడో గ్రీజు కొట్టి పైపులు మూసేసి ఉంటారు, ఇది చానా మిషన్లలో కనపడే జబ్బు.

లారీ ప్రయాణంలో హెడ్ పక్కకి ఒరిగి ఉంటుంది. ఫ్లాట్ కోత కోస్తే ఒక పక్క మాత్రమే గీతలు లోతుగా పడతాయి. స్పిండిల్‌కి గేజ్ కట్టి 200 మిల్లీమీటర్ల చుట్టు తిప్పి, నాలుగు దిక్కుల్లో తేడా 0.02 దాకా తెచ్చుకోండి. బోల్టులు ఒకేసారి కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాల, లేకపోతే బిగించేటప్పుడే మళ్ళీ జరుగుతుంది.

ఇక కరెంటు. మోటార్ హూమ్ అని మూలుగుతూ తిరగకపోతే మొదట మూడు ఫేజులు చూడండి. ఏ రెంటి మధ్య అయినా సుమారు 415 వోల్టులు రావాలి. ఒక ఫేజు పోయినా మోటార్ మూలుగుతూ కాలిపోతుంది. ఫేజ్ ఫెయిల్యూర్ రిలే పెట్టించుకోండి, రివైండింగ్ కంటే చవకే. సింగిల్ ఫేజ్ మీద వీఎఫ్‌డీ పెట్టేవాళ్ళు నేమ్ ప్లేట్ చదవండి. ఆ డ్రైవ్ ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్. 415 స్టార్ అని రాసుంటే కనెక్షన్ డెల్టాకి మార్చాలి, 415 డెల్టా అని ఉంటే ఆ డ్రైవ్‌తో బలం రాదు. ఆఫ్ చేసినా డ్రైవ్‌లో కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది, పది నిమిషాలు ఆగి, మీటర్‌తో చూసి ముట్టుకోండి. గ్లౌజులు వేసుకుని తిరిగే కట్టర్ దగ్గరికి మాత్రం పోవద్దు, వేలుతో సహా లాగేస్తుంది.

కొనేముందు వాళ్ళకి ఒకటి చెప్తా. టేబుల్ మీద డ్రిల్ గుంటలుంటే భయపడకండి, అవి చూడ్డానికే అసహ్యం. బాడీ పోత మీద పగులో వెల్డింగో ఉంటే, ఎంత చవకైనా అక్కడ్నుంచి వచ్చేయండి. టేబుల్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ హ్యాండిల్ ఎక్కడ బరువు, ఎక్కడ తేలికో వీడియో తీసి పంపించండి, చూసి చెప్తా.