విశ్వేశ్వరయ్య, అలీ నవాజ్ జంగ్ జలాశయాలు: తులనాత్మక మూల్యాంకనం – మంజీర పరీవాహకం నేపథ్యంగా

సంగ్రహం:
ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో దక్కన్ జలవనరుల నిర్మాణాన్ని మలుపుతిప్పిన ఇంజినీర్లలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ముఖ్యులు. ఒకరి జయంతిని దేశం, మరొకరి జయంతిని తెలంగాణ రాష్ట్రం ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకోవడంతో వీరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్న తరచుగా తలెత్తుతోంది. మూసీ జంట జలాశయాలు, కృష్ణరాజసాగరం, నిజాంసాగర్ అనే మూడు నిర్మాణాలను నాలుగు ప్రమాణాలతో పోల్చి, వాటికి ఒక వరుసక్రమాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వ్యక్తులకు కాక నిర్మాణాలకు స్థానాలు నిర్ణయించడమే శాస్త్రీయమని, ప్రథమస్థానానికి తగిన నిర్మాణం ఇద్దరి కృషినీ కలుపుకొన్నదని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: విశ్వేశ్వరయ్య, అలీ నవాజ్ జంగ్, నిజాంసాగర్, మూసీ, మంజీర, పూడిక, ఆయకట్టు, జుక్కల్.

1. ఉపోద్ఘాతం:
కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని జుక్కల్ ప్రాంతం తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు కలిసే సరిహద్దు నేల. మంజీర నదిపై నిర్మించిన నిజాంసాగర్ ఆనకట్ట ఉన్న మండలం జుక్కల్ శాసనసభ నియోజకవర్గంలోనిదే. అయినా ఆ జలాశయపు ప్రధాన ఆయకట్టు నదికి తూర్పున బాన్సువాడ, బోధన్, నిజామాబాద్, ఆర్మూర్ వైపు విస్తరించింది. పడమటనున్న జుక్కల్, మద్నూర్, బిచ్కుంద నల్లరేగడి నేలలు అధికభాగం వానపైనే ఆధారపడి మిగిలాయి. గొప్ప నిర్మాణం పక్కనే ఉన్నా దాని ఫలం అందని నేల ఇది. ఒక జలాశయం విలువను ఎలా కట్టాలి అన్న ప్రశ్నకు ఇంతకంటే తగిన పరిశీలనాస్థలం అరుదు.

విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబరు 15 దేశవ్యాప్తంగా ఇంజినీర్ల దినోత్సవం. తెలంగాణ ఏర్పడిన 2014లోనే అలీ నవాజ్ జంగ్ జన్మదినమైన జులై 11ను రాష్ట్ర ఇంజినీర్ల దినోత్సవంగా ప్రభుత్వం ప్రకటించింది. మరుగునపడిన ఒక ప్రతిభాశాలికి దక్కిన న్యాయమైన గుర్తింపు అది. అయితే ఈ రెండు తేదీలను ఎదురెదురుగా నిలిపి, ఒకరిని హెచ్చించడానికి మరొకరిని తగ్గించే ధోరణి వ్యాసాల్లోనూ ప్రసంగాల్లోనూ కనిపిస్తున్నది. ఈ ధోరణిలో వాదం వ్యక్తుల చుట్టూ తిరుగుతుందే తప్ప వారు కట్టిన కట్టల దాకా రాదు.

2. తులనకు హద్దులు, ప్రమాణాలు:
విశ్వేశ్వరయ్య 1861లో జన్మించి, బొంబాయి ప్రభుత్వ సేవలో నీటిపారుదల అనుభవం గడించారు. పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో వరద పెరిగినప్పుడు తమంతట తామే తెరుచుకునే తలుపులను అమర్చారు. కాలువ నీటిని మండలాలుగా విభజించి, పంటల మార్పిడితో సరఫరా చేసే బ్లాక్ పద్ధతిని ప్రవేశపెట్టారు. అలీ నవాజ్ జంగ్ అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో జన్మించి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, 1918లో హైదరాబాద్ రాజ్య చీఫ్ ఇంజినీరయ్యారు. పోచారం, పాలేరు, వైరా మొదలైన జలాశయాలు ఆయన కాలంలో వెలిశాయి.

ఇద్దరి నిర్మాణాలనూ పోల్చడానికి నాలుగు ప్రమాణాలను స్వీకరించవచ్చు.
అ) ప్రయోజనసిద్ధి: ఏ అవసరానికి కట్టారో అది తీరిందా?
ఆ) స్థలోచితత్వం: నది, నేల, పరీవాహక స్వభావాలకు రూపకల్పన తగిందా?
ఇ) మన్నిక: దశాబ్దాల తరవాత సామర్థ్యం ఎంత నిలిచింది?
ఈ) పంపిణీ: ఫలం ఎవరికి చేరింది, నష్టం ఎవరు భరించారు?

మరొక జాగ్రత్త కూడా అవసరం. పెద్ద జలాశయం ఏదీ ఒక్కరి సృష్టి కాదు. ఆలోచన ఒకరిది, నిర్మాణ నిర్వహణ మరొకరిది, శ్రమ వేలమందిది. కాబట్టి రూపకర్తనూ నిర్వాహకుణ్నీ వేరుచేసి చూడాలి.

3. మూసీ జంట జలాశయాలు:
1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్ నగరాన్ని ధ్వంసం చేసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై విశ్వేశ్వరయ్య వచ్చి వరద కారణాలను పరిశోధించారు. పరీవాహకంలో 788 చెరువులుండగా 221 తెగిపోయాయని ఆయన గుర్తించారు. అంటే నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, గొలుసుకట్టు చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగడం కూడా. ఈ నిర్ధారణ నుంచే పరిష్కారం పుట్టింది. నగరంలో గట్లు పెంచడంతో సరిపుచ్చక, వరదను నగరానికి చేరకముందే ఆపేందుకు మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు.

1909లోనే ఆయన మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పటికి హైదరాబాద్ చీఫ్ ఇంజినీరు అలీ నవాజ్ జంగ్. కనుక ఈ జంట జలాశయాలను విశ్వేశ్వరయ్య కట్టారనడం ఎంత అసంపూర్ణమో, ఆయన పేరు తీసివేయడమూ అంతే అసంపూర్ణం.

ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9, హిమాయత్‌సాగర్ సామర్థ్యం సుమారు 2.97 శతకోటి ఘనపుటడుగులు (టి.ఎం.సి.). పరిమాణంలో చిన్నవే. కాని వరద నివారణ, తాగునీరు అనే రెండు పనులను అవి కలిపి చేశాయి. ఈ రెండు పనుల మధ్య ఒక వైరుధ్యముంది: తాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి, వరదను ఆపడానికి ఖాళీగా ఉండాలి. నిండు మట్టానికి పైన వరదకు చోటు విడిచి రూపకల్పన చేయడం వల్ల ఆ వైరుధ్యం సడలింది. దాన్ని కాపాడవలసింది నిర్వహణ. 2025 సెప్టెంబరులో రెండు జలాశయాల తలుపులు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నీట మునగడం, దిగువ నదీగర్భంలో పెరిగిన కట్టడాలతోపాటు ఈ సున్నితత్వాన్నీ గుర్తుచేసింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను నియంత్రించిన 1996 నాటి 111వ జీవో ఆంక్షలను 2022లో ఎత్తివేయడంతో పరీవాహక రక్షణ మరింత చర్చనీయాంశమైంది.

4. కృష్ణరాజసాగరం:
కావేరిపై కన్నంబాడి వద్ద 1911లో పనులు మొదలయ్యాయి. విశ్వేశ్వరయ్య చీఫ్ ఇంజినీరుగా దీన్ని ప్రారంభింపజేసి, 1912 నుంచి 1918 వరకు దివానుగా నిధులు సమకూర్చారు. ఆయన పదవి వీడిన చాలా ఏళ్లకు, 1930ల ఆరంభంలో అది పూర్తయింది. సామర్థ్యం 49 టి.ఎం.సి.లకు పైన. సిమెంటుకు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీని వాడి కట్టిన ఈ రాతికట్ట నేటికీ మండ్య ప్రాంతపు వరి, చెరకు సాగుకు ఆధారం. పాత కన్నంబాడి నీట మునగడం, దిగువ మద్రాసు రాష్ట్రంతో తలెత్తి 1924 ఒప్పందానికి దారితీసిన వివాదం ఈ నిర్మాణపు మరో పార్శ్వం.

5. నిజాంసాగర్:
మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల దగ్గర 1923లో ప్రారంభమైన ఆనకట్ట 1931లో ముగిసింది. కట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. తొలి సామర్థ్యం 29.7 టి.ఎం.సి., ఉద్దేశించిన ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. నిర్మాణం సాగిన కాలంలో శాఖాధిపతిగా ఉన్నది అలీ నవాజ్ జంగే. రూపకర్త, నిర్వాహకుడు ఒక్కరే కావడం పోల్చిన మూడింటిలో దీని ప్రత్యేకత. ఎనిమిదేళ్లలో ఇంతటి పని ముగించడం ఆయన నిర్వహణశక్తికి నిదర్శనం.

దీని సాంఘిక ఫలితాలు లోతైనవి. కాలువ నీటితో చెరకు విస్తరించింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది. కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి స్థిరపడిన ఊళ్ల పేర్లలో ‘క్యాంపు’ అన్న మాట నేటికీ వినిపిస్తుంది. మరోవైపు జలాశయం కోసం సుమారు 40 గ్రామాలు ఖాళీ అయ్యాయి.

దీని ప్రధాన లోపం పూడిక. 1970ల నాటికి సామర్థ్యం సుమారు 12 టి.ఎం.సి.లకు, అంటే తొలిదానిలో అయిదింట రెండు వంతులకు పడిపోయింది. ఆ దశాబ్ది చివర నిండు నీటిమట్టాన్ని నాలుగున్నర అడుగులు పెంచి 1405 అడుగులు చేయడంతో అది 17.8 టి.ఎం.సి.లకు చేరింది. ఎగువన సింగూరు కట్టి నీటిని హైదరాబాద్ తాగునీటికి మళ్లించడంతో రాక మరింత తగ్గింది. చివరి ఆయకట్టును ఆదుకోవడానికి గోదావరి నీటితో అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు అవసరమయ్యాయి. 2021 ఏప్రిల్‌లో హల్దీవాగు మీదుగా గోదావరి జలాలను మంజీరలోకి వదలడం ఈ కొరతకు కొనసాగింపే.

6. ప్రమాణాలవారీ పోలిక:
పూడికను రూపకర్త వైఫల్యంగా మాత్రమే చూడడం తొందరపాటు. పరీవాహక విస్తీర్ణంతో తొలి సామర్థ్యాన్ని భాగిస్తే అసలు కారణం తెలుస్తుంది. కృష్ణరాజసాగరం పరీవాహకం సుమారు 10,600 చదరపు కిలోమీటర్లు. నిజాంసాగర్‌ది సుమారు 21,700. ప్రతి చదరపు కిలోమీటరుకు మొదటిదానిలో దాదాపు 47 లక్షల ఘనపుటడుగుల చోటుండగా, రెండోదానిలో 14 లక్షల లోపే. ఉస్మాన్‌సాగర్‌కు పరీవాహకం సుమారు 740 చదరపు కిలోమీటర్లే కనుక ఈ నిష్పత్తి 53 లక్షల వరకు వస్తుంది. హిమాయత్‌సాగర్‌కు మాత్రం 23 లక్షలు. పైగా కావేరి జన్మస్థానం కొడగు అడవులు. మంజీర ప్రవహించేది చెట్లు పలుచనైన, దున్నిన నల్లరేగడిలో. విశాలమైన, తేలికగా కోసుకుపోయే పరీవాహకం కింద చిన్న పాత్ర పెడితే అది త్వరగా నిండుతుంది. ఆనాటి పూడిక అంచనాలు వాస్తవం కన్నా ఎన్నో రెట్లు తక్కువ. ఇది దేశంలోని అనేక జలాశయాల్లో తేలిన లోపం. అయినా స్థలోచితత్వం, మన్నిక అనే రెండు ప్రమాణాల్లో నిజాంసాగర్ వెనుకబడిందన్న నిర్ణయం మారదు.

ప్రయోజనసిద్ధిలో జంట జలాశయాలు ముందుంటాయి. వ్యాధికి మూలాన్ని గుర్తించి దానికి తగిన మోతాదులో మందు వేసిన రూపకల్పన అది. కృష్ణరాజసాగరం మన్నికలో, పరిమాణంలో ముందున్నా పంపిణీలో అంతర్రాష్ట్ర వివాదం దాన్ని వెన్నాడింది. నిజాంసాగర్ ఒక ప్రాంతపు వ్యవసాయాన్నీ పరిశ్రమనూ జనజీవనాన్నీ మార్చిన ప్రభావంలో మిగిలినవాటికి తీసిపోదు.

ఈ విచారణను బట్టి క్రమం ఇది: మొదటిది మూసీ జంట జలాశయాలు, రెండోది కృష్ణరాజసాగరం, మూడోది నిజాంసాగర్. ఒక్క నిర్మాణాన్ని కాక ఒక రాజ్యపు మొత్తం నీటి వ్యవస్థను కొలమానంగా తీసుకుంటే మాత్రం క్రమం మారుతుంది. తెలంగాణలో పోచారం నుంచి వైరా వరకు మధ్యతరహా జలాశయాల శ్రేణిని నెలకొల్పిన అలీ నవాజ్ జంగ్ ఈ నేలకు చేసిన సేవ విస్తృతమైనది.

7. జుక్కల్ వైపు నుంచి:
పంపిణీ ప్రమాణాన్ని చివర ఉంచితే నిజాంసాగర్ చరిత్ర విజయగాథ. దాన్ని ముందుంచితే జుక్కల్ కనబడుతుంది. భూమి వాలును అనుసరించి కాలువ తూర్పుకు సాగింది; ఇది సాంకేతికంగా సమంజసమే. కాని పడమటి ఒడ్డుకు ప్రత్యామ్నాయం దశాబ్దాలపాటు రాలేదు. మంజీర ఉపనది కౌలాస్ నాలాపై జుక్కల్ మండలంలో కట్టిన మధ్యతరహా జలాశయం ఆయకట్టు సుమారు 9,000 ఎకరాలే. నాగమడుగు ఎత్తిపోతల పథకం ఈ లోటును పూరించేందుకు తలపెట్టినది. సోయా, కంది, పెసర వేసుకుని వానకోసం ఆకాశం చూసే రైతుకు ఆనకట్ట పొడవు కాదు, తూము దూరం ముఖ్యం. కాబట్టి పరిశోధకులు జలాశయాలను అంచనా వేసేటప్పుడు ఆయకట్టు పటంతోపాటు ఆయకట్టు బయట మిగిలిన ఊళ్ల పటాన్నీ దగ్గర పెట్టుకోవలసి ఉంటుంది.

8. ముగింపు:
విశ్వేశ్వరయ్యది సమస్య మూలాన్ని శోధించే దృష్టి. అలీ నవాజ్ జంగ్‌ది ప్రణాళికను నేలమీద నిలబెట్టే దక్షత. ఈ రెండు గుణాలు పరస్పర పూరకాలు. చరిత్ర కూడా వారిని ప్రత్యర్థులుగా చూపదు. సింధులోని సుక్కూరు బరాజు పనులను పరిశీలించేందుకు 1929లో బొంబాయి ప్రభుత్వం నియమించిన సంఘంలో సభ్యులు ఈ ఇద్దరే. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో విశ్వేశ్వరయ్య సభ్యులు. అదే సంఘం నీటిపారుదల ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షులు. ప్రథమస్థానం పొందిన మూసీ పథకంలో ఒకరి ఆలోచన, మరొకరి నిర్వహణ కలిశాయి. జులై 11, సెప్టెంబరు 15 తేదీలను పోటీగా కాక ఒకే వృత్తి సంప్రదాయపు రెండు ఘట్టాలుగా చూడడమే చరిత్రకు అనుగుణం. పూడిక నేర్పిన పాఠాన్నీ, పడమటి ఒడ్డు అడుగుతున్న నీటినీ మరువకుండా సాగే పరిశోధనే ఆ ఇద్దరికీ తగిన గౌరవం.